పేరా చెప్పినంత వరకే



సూరత్ నగరానికి నైరుతి వైపున్న ఆల్థాన్ దాటి, భీమ్‌రాడ్ మీదుగా ముందుకు సాగితే ఖజోద్ వస్తుంది. 2023 డిసెంబరు 17న ప్రారంభమైన సూరత్ డైమండ్ బోర్స్ అక్కడే ఉంది. 15 అంతస్తుల టవర్లు తొమ్మిది, వాటిలో 4,500కు పైగా ఆఫీసులు. ఆ భవనం గురించి ఏ పత్రిక రాసినా ఒక మాట తప్పకుండా చేరుస్తుంది: ప్రపంచంలో సానపట్టే ప్రతి 10 వజ్రాల్లో 9 సూరత్‌లోనే సానపడతాయని.

ఆ ఒక్క మాటనే పరీక్షలో ఇచ్చి, దీన్నిబట్టి కింది వాటిలో ఏది తప్పకుండా నిజం అని అడిగారనుకుందాం. మొదటి జవాబు: వజ్రాల సాన మీద ప్రపంచమంతటా వచ్చే ఆదాయంలో 90 శాతం సూరత్‌దే. రెండోది: సూరత్‌లో లక్షలమందికి వజ్రాలే జీవనాధారం. మూడోది: సూరత్ బయట సానపడేది పదింటిలో ఒక్క వజ్రమే. నాలుగోది: సూరత్ పనివారికున్న నేర్పు ఇంకెక్కడా లేదు.

సూరత్‌లో పెరిగిన పిల్లల చెయ్యి రెండో జవాబు మీదికి పోతుంది. అది నిజమే కూడా. ఇరుగుపొరుగున వజ్రాల పనివారు ఉన్నారు, క్లాసులో వాళ్ల పిల్లలు ఉన్నారు. కానీ ప్రశ్నలో ఇచ్చిన వాక్యం జీవనాధారం ఊసే ఎత్తలేదు. మొదటిదానికి లెక్క అడ్డం వస్తుంది. వాక్యం చెప్పింది వజ్రాల సంఖ్య, విలువ కాదు. వేరే దేశంలో సానపట్టే ఒక్క పెద్ద రాయి ఇక్కడి వేలకొద్దీ చిన్న రాళ్ల ధర పలకొచ్చు. నాలుగోది అభిమానంతో అనుకునే మాట. ఇక మిగిలింది మూడోది. పదింటిలో తొమ్మిది ఇక్కడైతే బయట మిగిలేది ఒకటి. ఇందులో కొత్త సంగతేముంది, ఇది జవాబెలా అవుతుందని చాలామంది దాన్ని ముందే కొట్టేస్తారు. మార్కు పోయేది సరిగ్గా అక్కడే.

క్రిటికల్ రీజనింగ్‌లో ఇన్‌ఫరెన్స్ ప్రశ్న అంటే ఇదే. ఇచ్చిన పేరా నిజమని ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక, దాన్నిబట్టి నిజం కాక తప్పని మాటను పట్టుకోవాలి. నిజం కావచ్చు అనిపించేది చాలదు. బయట ఎంత నిజమైనా పేరా దన్ను లేకపోతే అది జవాబు కాదు.

ఈ రకం ప్రశ్నలకు గత పదిహేనేళ్లలో బరువు పెరిగింది. యూపీఎస్సీ సివిల్స్ ప్రిలిమినరీలో సీశ్యాట్ పేపరు 2011లో వచ్చింది. 80 ప్రశ్నలు, 200 మార్కులు. 2015 నుంచి దాన్ని అర్హత పేపరుగా మార్చినా, 33 శాతం రాకపోతే జనరల్ స్టడీస్‌లో ఎంత బాగా రాసినా ఆ ఏడాది ప్రయత్నం అక్కడితో ఆగిపోతుంది. తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు కోత కూడా ఉంది. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష క్లాట్ 2020 నుంచి పూర్తిగా పేరాల మీదికి మారింది. మేనేజ్‌మెంట్ చదువుల ప్రవేశ పరీక్ష జీమ్యాట్ 2023 నవంబరులో కొత్త రూపం దాల్చినప్పుడు వాక్యాల్లో వ్యాకరణ దోషాలు దిద్దే ప్రశ్నలు తీసేసి, వెర్బల్ విభాగంలో రీడింగ్, రీజనింగ్ మాత్రమే ఉంచారు: 45 నిమిషాల్లో 23 ప్రశ్నలు. అమెరికా లా కాలేజీల ఎల్‌శ్యాట్ 2024 ఆగస్టు నుంచి లాజిక్ గేమ్స్‌ను వదిలేసి, ఆ చోటును కూడా వాదనల ప్రశ్నలకే ఇచ్చింది. ఇది మంచి మార్పు. బట్టీ కొట్టిన సూత్రం ఇక్కడ పనికిరాదు. ఖరీదైన కోచింగ్‌కు పోలేని ఇంట్లో పిల్లలు కూడా శ్రద్ధగా చదవడం ఒక్కటీ నేర్చుకుంటే ఈ మార్కులు తెచ్చుకోగలరు.

సూరత్‌లోని తెలుగు ఇళ్లకు ఈ సంగతి మరీ ముఖ్యం. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాల పనికి వచ్చి లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో స్థిరపడ్డ పద్మశాలి కుటుంబాల్లో ఇప్పుడు మూడో తరం చదువుతోంది. నగరపాలక సంస్థ నడిపే బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, గుజరాతీ, పరీక్షలో ఇంగ్లీషు. ఇన్ని భాషల మధ్య పెరిగిన పిల్లలకు పేరా సారం పట్టుకోవడం కష్టం కాదు. చిన్న చిన్న మాటల దగ్గరే కాలు జారుతుంది.

ఉదాహరణకు "కొందరు" అన్న మాట. "పెళ్లికి కొందరు వచ్చారు" అంటే అందరూ రాలేదనే మనకు వినిపిస్తుంది. పరీక్షలో మాత్రం ఆ మాటకు కనీసం ఒక్కరైనా అనే అర్థం. అందరూ వచ్చి ఉండే అవకాశాన్ని అది కొట్టేయదు. "కొందరు రాలేదు" అనే జవాబు అందుకే నిలవదు.

"ఎక్కువమంది" అన్న మాట ఇంకా గట్టిది. ఒక పవర్‌లూమ్ కార్ఖానాలో కార్మికుల్లో ఎక్కువమంది తెలంగాణ వారని పేరాలో ఉంది. అదే కార్ఖానాలో ఎక్కువమంది రాత్రి షిఫ్టులో పనిచేస్తారని కూడా ఉంది. తెలంగాణ వారిలో ఎక్కువమంది రాత్రి షిఫ్టు చేస్తారని అనొచ్చా? అనకూడదు. వందమందిలో 51 మంది తెలంగాణ వారు, 51 మంది రాత్రి షిఫ్టు వారు అనుకుంటే రెండు గుంపులూ దాదాపు విడివిడిగానే ఉండొచ్చు. కానీ పూర్తిగా విడిపోలేవు. 51కి 51 కలిపితే 102, మనుషులేమో వందమందే. రాత్రి షిఫ్టులో తెలంగాణ మనిషి కనీసం ఒకరైనా ఉండి తీరాలి. పేరాలో ఎక్కడా రాయని ఈ మాట పేరా నుంచి తప్పించుకోలేనిది. ఇన్‌ఫరెన్స్‌లో సొగసంతా ఇలాంటి చోటే ఉంది.

తెలుగువారికి ఈ విద్య కొత్తది కాదు. 17వ శతాబ్దంలో కాశీలో పేరు పొందిన అన్నంభట్టు తెలుగువాడు. ఆయన రాసిన తర్కసంగ్రహం, దానికి తానే రాసుకున్న దీపిక అనే వ్యాఖ్య నేటికీ సంస్కృత పాఠశాలల్లో తర్కం మొదలుపెట్టేవారికి తొలి పుస్తకాలు. కాశీకి వెళ్లినంత మాత్రాన ఎవరూ అన్నంభట్టు అయిపోరని పండితుల్లో ఒక నానుడి ఉంది. కాశీలో చదివితేనే పాండిత్యం వస్తుందని అనుకున్నా, కాశీకి పోవడం ఒక్కటే చాలదు. ఒకదానికి అవసరమైన షరతు వేరు, దానికి చాలిన షరతు వేరు అని ఈ పరీక్షలు మళ్లీ మళ్లీ అడిగే భేదం ఆ నానుడిలోనే ఉంది.

తర్కంలో అందరికీ తెలిసిన ఉదాహరణ కొండ మీద పొగ. పొగ కనిపిస్తోంది కనుక అక్కడ నిప్పుంది. పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది, వంటింట్లో చూశాం. నిప్పు లేనిచోట పొగ ఉండదు, చెరువులో చూశాం. ఇంతవరకు ఎవరైనా చెబుతారు. అన్నంభట్టు ఇక్కడితో ఆగలేదు. దీన్నే తిరగేసి, కొండ మీద నిప్పుంది కనుక పొగ ఉంది అంటే అది ఎందుకు చెల్లదో చూపించాడు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే నిప్పుకు తడి కట్టెలు తోడు కావాలి. చెప్పకుండా దాగిన ఆ షరతుకు శాస్త్రంలో ఉపాధి అని పేరు.

నేటి పరీక్షల్లో తప్పు జవాబులను పరిశీలిస్తే, చాలావాటి లోపం ఈ ఇనుప గుండు దగ్గరే బయటపడుతుంది. "ఎగుమతి లైసెన్సు ఉన్న ప్రతి వ్యాపారీ పన్ను నంబరు తీసుకున్నాడు" అని పేరాలో ఉంటే, "పన్ను నంబరు ఉన్న ప్రతి వ్యాపారికీ ఎగుమతి లైసెన్సు ఉంది" అని ఒక జవాబు పెడతారు. అది తిరగేసిన మాట. "పన్ను నంబరు లేనివాడికి ఎగుమతి లైసెన్సు లేదు" అని ఇంకోటి పెడతారు. అది చెరువు ఉదాహరణ, అది నిలుస్తుంది. లైసెన్సు లేనివాడికి పన్ను నంబరు కూడా ఉండదన్నా తప్పే. ఈ మూడింటినీ తేడా తెలిసేలా పలకడం వస్తే సగం పని అయినట్టే.

తిరగేయడం మనిషి బుద్ధికి ఎంత సహజమో 1966లో బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ వేసన్ ప్రకటించిన ప్రయోగం చూపింది. దాన్ని తెలుగు అక్షరాల్లోకి మార్చి చెప్పుకుందాం. బల్ల మీద నాలుగు కార్డులున్నాయి. పైకి కనిపించేవి అ, క, 4, 7. ప్రతి కార్డుకూ ఒకవైపు అక్షరం, రెండోవైపు అంకె. నియమం ఇది: ఒకవైపు అచ్చు ఉంటే రెండోవైపు సరిసంఖ్య ఉండాలి. నియమం నిజమో కాదో తేల్చడానికి ఏ కార్డులు తిప్పి చూడాలి? చాలామంది అ, 4 అంటారు. సరైన జవాబు అ, 7. నాలుగు వెనక హల్లు ఉన్నా నియమానికి భంగం లేదు, సరిసంఖ్య వెనక అచ్చే ఉండాలని ఎవరూ అనలేదు. ఏడు వెనక అచ్చు కనిపిస్తే మాత్రం నియమం కూలిపోతుంది. వేసన్ పరీక్షించిన వారిలో పదిమందికి ఒకరు కూడా సరిగ్గా చెప్పలేదు.

1982లో గ్రిగ్స్, కాక్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఇదే చిక్కును వేరే వేషంలో ఫ్లోరిడా విద్యార్థుల ముందు పెట్టారు. బీరు తాగేవారికి 19 ఏళ్లు దాటి ఉండాలన్నది నియమం. ఒక్కొక్కరి గురించి తాగేది గానీ వయసు గానీ ఒక్కటే తెలిస్తే, ఎవరిని తనిఖీ చేయాలి? బీరు తాగుతున్నవాణ్ని, 16 ఏళ్లవాణ్ని అని 70 శాతానికి పైగా సరిగ్గా చెప్పారు. రెండింటి చట్రం ఒకటే. తెలిసిన లోకంలోకి వచ్చేసరికి బుద్ధి చురుగ్గా కదిలింది. అందువల్ల కొరకరాని పేరా ఎదురైతే దాని చట్రాన్ని తెలిసిన సంగతిలోకి మార్చుకుని చూడటం మంచి పద్ధతి. అయితే మార్చుకోవాల్సింది చట్రాన్నే. ఆ తెలిసిన సంగతికి సంబంధించిన మిగతా జ్ఞానాన్ని వెంట తేకూడదు.

వెంట తెస్తే ఏమవుతుందో సూరత్ జనాభా లెక్కలే చెబుతాయి. 2001 జనగణనలో నగరపాలక సంస్థ జనాభా సుమారు 24 లక్షల 30 వేలు. 2011లో సుమారు 44 లక్షల 60 వేలు. నడుమ 2006లో నగర సరిహద్దులు పెరిగి, విస్తీర్ణం సుమారు 112 చదరపు కిలోమీటర్ల నుంచి 326కు చేరింది. ఈ మూడు వాక్యాలూ ఇచ్చి ఏం తేలుతుందని అడిగితే, పదేళ్లలో వలసలు విపరీతంగా పెరిగాయని చెప్పాలనిపిస్తుంది. కానీ పేరాలో ఆ మాట లేదు. పెరిగిన 20 లక్షలలో బయటి నుంచి వచ్చినవారు ఎందరో, అక్కడే ఉండి కొత్తగా నగరం లెక్కలోకి చేరిన ఊళ్లవారు ఎందరో ఈ మూడు వాక్యాలు చెప్పవు.

తేలేది వేరే ఉంది. జనాభా రెండింతలు కూడా కాలేదు, విస్తీర్ణం మూడింతలకు దగ్గరైంది. కాబట్టి చదరపు కిలోమీటరుకు సగటు జనం 2001లో కంటే 2011లో తక్కువ. లెక్క వేస్తే 21 వేలకు పైనున్నది 14 వేల లోపుకు దిగింది. ఉధనా దర్వాజా దగ్గర రోజూ ట్రాఫిక్‌లో నిలబడే మనిషి ఈ జవాబును చస్తే నమ్మడు. అయినా సరైన జవాబు అదే. పాత పేటల్లో రద్దీ తగ్గిందని అది అనడం లేదు. మొత్తం సరిహద్దు లోపలి సగటు మాత్రమే చెబుతోంది. ఇన్‌ఫరెన్స్ ప్రశ్నకు జవాబంటే పేరాలోని మాటనే మళ్లీ చెప్పడమని అనుకునేవారు ఈ ఉదాహరణ గుర్తుంచుకోవాలి. రెండు మూడు వాక్యాలు కలిసి, ఏ ఒక్కటీ విడిగా చెప్పని మాటను చెప్పగలవు.

సంఖ్యలు బుద్ధిని తప్పుదారి పట్టించినట్టే అభిమానం కూడా పట్టిస్తుంది. 1994 సెప్టెంబరులో సూరత్‌కు ప్లేగు వచ్చింది. యాభైమందికి పైగా చనిపోయారు, లక్షల మంది నగరం వదిలి పారిపోయారు. 1995 మేలో సూర్యదేవర రామచంద్రరావు మునిసిపల్ కమిషనర్‌గా వచ్చారు. ఎస్.ఆర్. రావుగా సూరత్ ఆయన్ని నేటికీ తలుచుకుంటుంది. అధికారులను ఏసీ గదుల నుంచి లేపి రోజూ పొద్దున్నే వీధుల్లోకి పంపారు. నగరాన్ని ఆరు జోన్లు చేసి, ఎక్కడి నిర్ణయం అక్కడే తీసుకునే అధికారం ఇచ్చారు. రాత్రిపూట రోడ్లు ఊడ్పించారు. 1996లో ఇన్‌టాక్ సంస్థ సూరత్‌ను చండీగఢ్ తర్వాత దేశంలో రెండో పరిశుభ్ర నగరంగా గుర్తించింది.

ఇవన్నీ నిజాలు. ఇప్పుడు ఈ పేరా మీద ప్రశ్న. ప్లేగు రాకపోతే సూరత్ బాగుపడేది కాదన్నది ఒక జవాబు. రావుగారు లేకపోతే ఆ స్థానం వచ్చేది కాదన్నది మరొకటి. తెలుగు శ్రోతకు రెండోది ఎంతో ఇష్టంగా ఉంటుంది. చరిత్ర బాగా తెలిసినవారు దాన్ని సమర్థిస్తూ వ్యాసం కూడా రాయగలరు, రాయాలి కూడా. పేరా మాత్రం ఒకదాని తర్వాత ఒకటి జరిగిందని చెప్పింది, ఒకదాని వల్లనే మరొకటి జరిగిందని కాదు. ప్లేగు విరుచుకుపడ్డ నగరం రెండేళ్లకే ఒక జాతీయ సంస్థ పరిశీలనలో ముందు వరసలో నిలిచిందన్నది మాత్రం తప్పించుకోలేని మాట. పరిశుభ్రతలో మంచి స్థానం దక్కడానికి ఇటీవల అంటురోగం వచ్చి ఉండటం అడ్డు కాలేదని కూడా అనొచ్చు. ఇలాంటి జవాబును చేతిలోకి తీసుకోవాలంటే రావుగారి మీది గౌరవాన్ని ఆ రెండు నిమిషాలు పక్కన పెట్టాలి. ఆయన గొప్పతనానికి దానివల్ల లోటు లేదు.

ఇక జవాబుల్లో వాడే మాటల బలం. ఎల్లప్పుడూ, ఎన్నడూ, మాత్రమే, ఒక్కటే కారణం అనే మాటలున్న జవాబులు సామాన్యంగా తప్పవుతాయని కోచింగుల్లో చెబుతారు. దీన్ని గుడ్డిగా పట్టుకోకూడదు. గట్టి మాటకు గట్టి ఆధారం కావాలి, సంగతి అంతే. పేరాలో "ప్రతి" అని ఉంటే జవాబులో "ప్రతి" ఉండొచ్చు. పేరా "కావచ్చు" అంటే జవాబు "అవుతుంది" అనకూడదు. రెండు జవాబుల మధ్య ఊగిసలాడుతున్నప్పుడు, తక్కువ చెప్పే జవాబుకు తక్కువ ఆధారం చాలుతుంది కనుక దాన్ని ముందు పరీక్షించడం తెలివైన పని.

అన్ని పరీక్షలూ ఒకే గీత గీయవని కూడా తెలుసుకోవాలి. సీశ్యాట్ పేపరులో పేరాల పైన, జవాబులు పేరాల ఆధారంగానే ఉండాలని సూచన ఉంటుంది. కానీ చాలాసార్లు "అత్యంత తార్కికమైన" ఇన్‌ఫరెన్స్ ఏది అని అడుగుతారు. అక్కడ నాలుగింటిలో పేరాకు దగ్గరగా నిలిచేదాన్ని పట్టుకోవాలి. బ్రిటన్‌లో లా సంస్థలు ఉద్యోగార్థులకు పెట్టే వాట్సన్-గ్లేసర్ పరీక్ష ఇంకో తీరు. దాని ఇన్‌ఫరెన్స్ విభాగంలో ఒక్కో వాక్యానికీ నిజం, బహుశా నిజం, సమాచారం చాలదు, బహుశా అబద్ధం, అబద్ధం అనే ఐదింటిలో ఒకటి ఎంచుకోవాలి. అక్కడ లోకజ్ఞానానికి కొంత చోటుంది. జీమ్యాట్, ఎల్‌శ్యాట్‌లలో ఆ చోటు లేదు. లండన్ ఉద్యోగానికీ అమెరికా చదువుకూ ఒకేసారి సిద్ధమయ్యే తెలుగు పిల్లలు ఈ తేడా గమనించకుండా రెండింటినీ ఒకే పద్ధతిలో చేస్తే ఒకచోట దెబ్బ తింటారు.

సాధన ఎలా? వందల ప్రశ్నలు చేసి మార్కులు లెక్కపెట్టుకోవడం కంటే, పది ప్రశ్నలు చేసి ప్రతి తప్పు జవాబుకూ పేరు పెట్టడం ఎక్కువ ఫలితమిస్తుంది. ఇది తిరగేసినది, ఇది సంఖ్యను విలువ చేసినది, ఇది కారణం అంటగట్టినది, ఇది బయటి నిజం అని పక్కన రాసుకోవాలి. సరైన జవాబు దగ్గర, పేరాలో ఏ వాక్యం దాన్ని నిలబెడుతోందో గీత గీయాలి. గీయలేకపోతే అది సరైన జవాబైనా ఊహతో వచ్చిందన్నమాట, మళ్లీ చేయాలి. ఇంగ్లీషు పేరాను ఇంట్లో పెద్దవాళ్లకు తెలుగులో చెప్పడం కూడా గొప్ప సాధన. చదువుకోని నాయనమ్మ "అట్లని అందులో ఉందా, నువ్వంటున్నావా" అని ఒక్కసారి అడిగితే చాలు, కలిపిన మాట ఏదో బయటపడుతుంది.

ఈ సాయంత్రానికి ఒక చిన్న అభ్యాసం. సూరత్ మెట్రోకు రెండు మార్గాలు నిర్ణయించారు, రెండూ కలిపి 40.35 కిలోమీటర్లు. సార్థానా నుంచి డ్రీమ్ సిటీ వరకు వెళ్లే మొదటి మార్గం 21.61 కిలోమీటర్లు. దాని మీద ఆల్థాన్ పేరుతో రెండు స్టేషన్లున్నాయి: ఆల్థాన్ టెనమెంట్, ఆల్థాన్ గామ్. దీన్నిబట్టి ఆల్థాన్‌లో జనం ఎక్కువ కాబట్టే రెండు స్టేషన్లు ఇచ్చారని ఒకరన్నారు. రెండో మార్గం మొదటిదానికంటే చిన్నదని మరొకరన్నారు. మెట్రో వస్తే ఆల్థాన్ వారి ప్రయాణ సమయం తగ్గుతుందని ఇంకొకరన్నారు. వీటిలో తప్పకుండా నిజమైనది ఏదో, మిగతా రెండూ ఎందుకు నిలవవో ఇంట్లో పిల్లలతో కలిసి తేల్చండి. జవాబు పక్కన దాన్ని నిలబెట్టే వాక్యం కూడా రాయించండి.